నాన్న అల్లుతున్న తెల్ల పట్టీ

ప్రత్తిపాడు,
ఆదివారం, ఆరాధన ముగిశాక.

ప్రియమైన కూతురు ఫెబాకు,

సిమ్లా చలిలో నిన్ను కాపాడుతున్న ప్రభువు పేరట నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మ క్షేమం, సంఘం క్షేమం, ఈనిన గేదె క్షేమం. నా సంగతి కాస్త ఆగి రాస్తాను.

నీ ఉత్తరం అందింది. అమ్మ నా చేత మళ్లీ మళ్లీ చదివించుకుంది. మీ ఆసుపత్రి మెట్ల మీద మంచు గడ్డకడుతోందని రాశావు, చూసుకుని నడువు. ఇక్కడ ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయ ఆరబోశారు. గాలి ఇటు మళ్లితే చాలు, ప్రార్థన మధ్యలో సంఘమంతా దగ్గుతుంది.

నేను అల్లిక నేర్చుకుంటున్నానని అమ్మ చెబితే నమ్మలేకపోయానన్నావు. నమ్ము. బైబిలు కాలేజీ గడప తొక్కకుండానే వాక్యం నేర్చుకున్నవాణ్ణి, రెండు సూదులకు భయపడతానా? బైబిల్లో యొప్పే ఊరి దొర్కా విధవరాళ్లకు అంగీలు కుట్టి ఇచ్చింది. చేతిపని కూడా ఆరాధనే. పక్కింటి రాజరాజేశ్వరి గారు, రిటైరైన టీచరు గారే, నేర్పుతున్నారు. వసారాలో ఆమె కుర్చీ, గుమ్మం మెట్టు మీద నేను. దారిన పోయే మన బుల్లయ్య సైకిలాపి మరీ అడిగాడు.

"ఏం అయ్యగారూ, గుంటూరు ఎండకి స్వెట్టరా?"

"నీ నోటికి అల్లుతున్నాన్రా, మూత!" అన్నాను.

కుట్లు లెక్క తప్పకుండా ఉండాలని యాకోబు కొడుకుల పేర్లు చెప్పుకుంటాను. రూబేను ఒక కుట్టు, షిమ్యోను ఒక కుట్టు, అలా బెన్యామీను దాకా వచ్చి మళ్లీ మొదలు. అయినా పట్టీ పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతోంది. టీచరు గారు కళ్లద్దాలు దించి కుర్చీలోంచి నా వైపు వంగి విన్నారు.

"ఆదాం గారూ, యోసేపుని రెండుసార్లు పిలుస్తున్నారండీ. పిలిచినప్పుడల్లా ఓ కుట్టు ఎక్కువ పడుతోంది."

నిజమే! ప్రసంగంలో అక్కడికి రాగానే "యోసేపూ! ఓ యోసేపూ!" అని చెయ్యెత్తి పిలవడం అలవాటు కదా నాకు.

"ఒక్క కొడుకుని రెండుసార్లు కంటే యాకోబు గారింట్లో చోటు చాలొద్దూ?" అన్నారావిడ. అమ్మ లోపల్నించి పడీ పడీ నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. మొత్తం విప్పేసి మొదటినుంచి అల్లుతున్నాను. విప్పడం కూడా నాకిష్టంగానే ఉంది తల్లీ.

"మఫ్లరు నాకేగా, ఎర్ర రంగు అల్లు నాన్నా" అని రాశావు. ఆ వాక్యం దగ్గరే ఇన్నాళ్లూ నా కలం ఆగిపోయింది.

అది నీకు కాదమ్మా. మఫ్లరూ కాదు. అరచేయంత పట్టీ. ఊలు కూడా కాదు, సన్నటి తెల్ల నూలు. మెడ ముందు వేలాడేలా పైన రెండు తాళ్లు. నువ్వు నర్సువి, ఈపాటికి నీకు తెలిసిపోయే ఉంటుంది.

కల్లాల్లో కాయలు ఏరే కూలీల దగ్గర నిలబడి వాక్యం చెబుతాను కదా, దగ్గు అక్కడిదే అనుకున్నాం. గొంతు బొంగురుపోతే మిర్చి ఘాటన్నాం. ఊళ్లో అందరూ దగ్గుతుంటే నా దగ్గు వేరని ఎవరికి తెలుస్తుంది? కోతలయ్యాక తగ్గుతుందిలే అని అమ్మ మిరియాల పాలు ఇచ్చింది. చివరికి గుంటూరులో డాక్టరు గొట్టం పెట్టి చూసి, కండ తీసి పరీక్షకు పంపారు. పుండు మంచిది కాదట. స్వరపేటిక మొత్తం తీసేయాలట. తరువాత మెడకున్న రంధ్రంలోంచే ఊపిరి. వార్డులో ఒక పెద్దాయన ఆ రంధ్రం మీద ఇలాంటి పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. ఎవరు అల్లారని సైగ చేసి అడిగితే తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంటికొచ్చి టీచరు గారి గుమ్మం మెట్టెక్కాను.

నీకు చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నది నేనే. అమ్మను ఏమీ అనకు.

దేవునితో పోట్లాడానమ్మా. కొడుకు పుడతాడన్న దూత మాట జెకర్యా నమ్మలేదు, మూగవాడయ్యాడు. బిడ్డ పుట్టాక అతని మాట అతనికి తిరిగొచ్చింది. నేను నమ్మాను కదా ప్రభువా! బస్టాండుల్లో, సంతల్లో, మైకు లేని చోట రొమ్ము పగిలేలా నీ పేరు అరిచాను కదా! చెయ్యి తీసుకో, కాలు తీసుకో, ఇదే దొరికిందా నీకు? మోకాళ్ల మీద ఉండే అడిగాను. ఇవాళ నా బదులు ప్రసన్నకుమార్ వాక్యం చెప్పాడు. వెనక బల్ల మీద కూర్చుని ఆమెన్ అన్నాను. పక్కవాడికి కూడా వినపడలేదు.

నీ మీద కోపంతో ఫోను ఎత్తడం లేదేమోనని రాశావు. క్రిస్మస్‌కి రానందుకు కోపమా? ఏం మాటలే అవి! నువ్వు మోగించినప్పుడల్లా ఫోను నా చేతిలోనే ఉంటుంది. ఈ బొంగురు గొంతు నీకు వినిపించలేక అమ్మకిచ్చేస్తున్నాను.

ఆపరేషను రేపు కాదు, ఆపై సోమవారం. ఈ ఉత్తరం స్పీడుపోస్టులో వేస్తున్నాను. అందగానే ఫోను చెయ్యి, ఈసారి నేనే ఎత్తుతాను. గొంతు విని ఏడవకు. మందుల సంగతి అడగకు. ప్రార్థన కూడా చెయ్యమనకు, అది నేను వేరే చేసుకుంటాను. అక్కడ మంచు పడుతోందా అని అడుగుతాను, పడుతోందని చెప్పు. అన్నం తిన్నావా అని అడుగుతాను, ఏం కూరో చెప్పు. ఇంకా ఏదైనా అడుగుతాను. తొందరపడి పెట్టేయకు తల్లీ.

ఇట్లు,
నీ గొంతు కోసం ఎదురుచూసే
నాన్న,
ఆదాం