నాన్న మెడలో అట్ట

ఆగస్టు 14, 1973

చిరంజీవి రెఫూహియోను అక్క యులాలియా దీవించి రాస్తున్న ఉత్తరం. అమ్మా నేనూ బాగున్నాం. టెక్సస్‌లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

అమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. వాపు తగ్గలేదు. అయినా రోజూ సమ్మె వంటశాలకు వెళ్ళి చిక్కుడుగింజలు ఉడకేసి వస్తోంది. ద్రాక్షతోటల్లో సమ్మెకు ఇది నాలుగో నెల. సంఘం హాలు గోడమీద నా బొమ్మ పూర్తయింది. లారీ వెనకెక్కి మనవాళ్ళు ఆడే నాటకాన్నే గీశాను. వేషగాళ్ళందరి మెడల్లో అట్టలు: యజమాని, మేస్త్రీ, ద్రోహి.

నాన్న ఊసెత్తడం లేదేమని రెండుసార్లు అడిగావు. ఇక దాచను.

ద్రోహి వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే నాన్నే వేశాడని నీకు తెలుసు. "నా మెడలో వెయ్యండ్రా, తోటలోంచి మొదట బయటికొచ్చినోణ్ణి నేను, నన్ను ద్రోహంటే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. జూన్‌లో కొత్త కుటుంబాలు సమ్మెలో చేరాయి. వాళ్ళు నాటకం చూడలేదు, గోడ చూశారు. భోజనాల వరసలో ఒకావిడ, "గోడమీదున్నోడివి నువ్వే కదూ? మా కూటికెందుకొచ్చావు ముసలోడా?" అంది.

"అది వేషం తల్లీ" అన్నాడు నాన్న. ఆవిడ పళ్ళెం లాక్కుంది.

ఆ సాయంత్రం నన్నడిగాడు. "బొమ్మ బాగుంది. ఆ అట్ట ఒక్కటీ చెరిపెయ్యవూ?"

"అందరికీ ఉన్నాయిగా నాన్నా. నీదొక్కటే తీస్తే నాటకం ఎక్కడుంటుంది?"

"యజమానికి పందిముట్టె మాస్కుంది. నాకు నా మొహమేగా ఉంది."

నేను తీయలేదు. పత్రికవాళ్ళు ఫోటో తీయడానికి వస్తామన్నారు. వాళ్ళొచ్చేదాకా ఆగమన్నాను. వాళ్ళు ఐదు వారాలకు వచ్చారు. ఆ ఐదు వారాలూ నాన్న వంటశాల గడప తొక్కలేదు.

పోయిన వారం, సోమవారం నాడు తోట గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాను. సమ్మెను కాదని పనికెళ్ళే కూలీలతో మేస్త్రీ లారీ మా ముందునుంచి లోపలికి వెళ్ళింది. అందులో నాన్న ఉన్నాడు. టోపీ దించుకోలేదు. నావైపే చూశాడు. నా చుట్టూ అందరూ "ద్రోహీ" అని అరిచారు. నేను అరవలేదు, జెండా దించనూ లేదు.

మర్నాడు తెల్లరంగు తీసుకుని నిచ్చెనెక్కాను. కింద సంఘం కార్యదర్శి, "ఇప్పుడెందుకమ్మా? ఇప్పుడు సరిగ్గానే ఉందిగా" అన్నాడు.

నిచ్చెన దిగాను.

ఇట్లు,
ఆ బొమ్మ వేసిన
మీ అక్క