ఎర్రగుంట్లలో పచ్చబడిన తలల విషయమై

జిల్లా ఔషధ నియంత్రణ అధికారి గారి సముఖమునకు,
కడప.

ఎర్రగుంట్ల కాపురస్తుడు, సిమెంటు ఫ్యాక్టరీ తూకం ఆఫీసులో పనిచేసి రిటైరైన వసంతకుమార్, బి.కాం., వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ‘ఆకుతల్లి’ తలనూనె సీసాపై గల ‘నూరు శాతం సహజం, రసాయనాలు లేవు’ అను వ్రాత గురించి, మరియు నా భార్య మాట గురించి.

అయ్యా,

నా భార్య ప్రసన్నకుమారి గత జూన్‌లో ఒక శనివారం గుండెపోటుతో చనిపోయింది. ఆ రోజు ఉదయం గోంగూర ఒలిచింది. నాకు టీ ఇచ్చింది. అద్దం ముందు జడ విప్పుకొని, "ఏమయ్యా, ఈడ జూడు. తెల్లెంటికలన్నీ గోంగూర మాదిరి అయిపోయినాయి. ఇది ఆకు పసరేనని ఆడోళ్లందరికీ నేనే జెప్తి. అదేందో కనుక్కోపో" అంది. సాయంత్రం చూద్దామన్నాను. మధ్యాహ్నానికి ఆమె లేదు. మరణానికీ నూనెకూ సంబంధం లేదని డాక్టరు చెప్పారు. నేనూ ఆ ఆరోపణ చేయడం లేదు. నా ఆరోపణలు ఈ దిగువవి.

1. సదరు సీసాపై మందార పువ్వు, కలబంద, నవ్వుతున్న ఒక అవ్వ బొమ్మ ఉన్నవి. ఆ అవ్వ ముఖం చూసే నమ్మానని నా భార్య అనేది. నమ్మి, మా చర్చి స్త్రీల సమాజంలో అందరికీ చెప్పింది. అందరూ కొన్నారు. నెరసిన వెంట్రుకలన్నీ పచ్చబడ్డాయి.

2. మా చర్చిలో స్త్రీలు ప్రార్థనకు తలపై కొంగు కప్పుకుంటారు. తనకొక్కదానికే ఇలా అయిందనుకొని ఎవరికి వారు ఆ కొంగు తీయడం మానేశారు. రేషన్ షాపులో ముసుగు. కుళాయి దగ్గర ముసుగు. మిట్టమధ్యాహ్నం చేలో కూడా ముసుగే. స్త్రీలలో భక్తి బాగా పెరిగిందని పాస్టరు గారు ఆదివారం ప్రకటించి దేవునికి వందనాలు చెప్పారు. ఎవరూ ఖండించలేదు.

3. నా భార్య సమాధి దగ్గర పాట పాడుతుండగా క్వారీ వైపు నుంచి సుడిగాలి వచ్చింది. కొంగులన్నీ ఒక్కసారి లేచాయి. వానలు లేని మా ఊళ్లో అంత పచ్చదనం నేను ఆ ఏడు చూడలేదు. స్త్రీల సమాజంలోని విశ్వాసమ్మ, పక్కనున్న రెజీనా తలను చూసి, "నీకు గూడానా మే?" అంది. "నోరు మూసుకోని పాట పాడు మే" అంది రెజీనా. నేను రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని అందరూ ఓదార్చారు. ముందు వచ్చినది ఏడుపు కాదు. తర్వాత వచ్చినది ఏడుపే.

4. సీసా వెనుక చీమ తలకాయంత అక్షరాలను భూతద్దంతో చదివాను. మొదట మినరల్ ఆయిల్, తర్వాత పచ్చరంగు, ఆ తర్వాత సువాసన. మందారం అన్నిటికన్నా చివర. మా ఫ్యాక్టరీలో బస్తాపై అచ్చేసినది బస్తాలో లేకుంటే లారీ గేటు దాటదు.

5. కంపెనీకి ఫోన్ చేశాను. "మినరల్ ఆయిల్ భూమిలోంచే వస్తుంది సార్. భూమి సహజమే గదా సార్" అంది ఒక అమ్మాయి.
"మా సిమెంటు కూడా భూమిలోంచే వస్తుందమ్మా. తలకు రాసుకోవచ్చునా?"
"లైన్‌లో ఉండండి సార్."
ఉన్నాను. వేణువు వాయించారు. అది కూడా సహజమైనది కాదు.

6. విశ్వాసమ్మ మేక గోడ మీద సినిమా పోస్టర్లను సైతం వదలదు. దాని ముందు విశ్వాసమ్మ సీసానే పెట్టాము. పైన అంటించిన కాగితాన్ని తిని, నూనెను వాసన చూసి వెళ్లిపోయింది. తినదగినది కాగితమేనని తేలినది.

7. "ప్రసన్నక్క జెప్పిందంటే జెప్పినట్లే." మా వీధిలో ఒకప్పుడు ఇది నమ్మకపు మాట. పిల్లల మందు మొదలు చీర రంగు వరకు ఆమెనే అడిగేవారు. ఇప్పుడు కరెంటు పోయినా, బస్సు రాకపోయినా, "ప్రసన్నక్క జెప్పినట్లే ఉండాది" అని నవ్వుతున్నారు. నన్ను చూసి ఆపేస్తున్నారు. అడిగితే, "పోయిన మనిషిని ఏమంటాంలే అన్నా" అంటున్నారు. ఆమె బతికి ఉంటే నిలబడి జవాబు చెప్పేది. ఆ అవకాశం లేనందున నేను వ్రాస్తున్నాను.

కావున తమరు సదరు నూనెను పరీక్ష చేయించి, ఆమె సీసాపై ఉన్నదే చదివి చెప్పినదనీ, అబద్ధం సీసాదేననీ రెండు వాక్యాలు వ్రాసి ఇప్పించగలరు. వాటిని చర్చిలో నేనే చదువుతాను. తక్కిన ఆరోపణలు వీలున్నప్పుడు, ఈ ఒక్కటి ముందుగా చిత్తగించవలెను.

ఆమె అడిగినది ఇంకా కనుక్కుంటూ ఉన్న
తమ విధేయుడు,
వసంతకుమార్

తా.క. పరీక్షకు శాంపిల్ కావాలంటారని, ఆమె సీసాలో మిగిలినది నా తలకే రాసుకుంటూ వచ్చాను. నాది పూర్తిగా నెరసిన తల. ఫలితం స్పష్టంగా ఉంది. అడుగున కొంచెం నూనె తమ కోసం ఉంచాను. "అట్ల పోతే కడపంతా నవ్వుతాదన్నా" అని రెజీనా ఒక టోపీ తెచ్చి ఇచ్చింది. రేపు ఉదయం మొదటి బస్సుకు కడపకు వస్తాను. సీసా చేతిలో పట్టుకొని తమ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను. టోపీ ఇంట్లోనే పెట్టి వస్తాను.