రెండో పాఠం నుంచీ

శాన్ హోసే, బుధవారం

ప్రియమైన లోలా, నా బంగారు అమ్మమ్మా,

నీ కొండ మీద సిగ్నల్ లేదు కాబట్టి అటొచ్చే జీప్నీ బండి డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఆన్‌లైన్ తరగతిలో నా అభ్యాసాలన్నీ ఇన్నాళ్లూ నెనెంగ్ పిన్నే రాసిచ్చింది. తిట్టకు, అందరిళ్లలోనూ అంతే. మేడమ్ "అర్థమైందా?" అనగానే అందరం "అర్థమైంది మేడమ్" అని టైపు చేసి, కెమెరా ఆపేసి, ఎండుచేపలు వేయించుకుంటాం. ఇప్పుడు సోమవారం గణాంకాల్లో నోటిపరీక్షట, కెమెరా పెట్టుకుని! తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది. మనీలాలో ఎవరింట్లోనో గిన్నెలు తోముకోవాలి. నువ్వు లెక్కల టీచరుగా చేశావు కదా, వచ్చి లాప్‌టాప్ వెనక కూర్చుని జవాబులు అందించు. నీ కాళ్లు పట్టుకుంటాను.

దిక్కుతోచని నీ మనవరాలు,
డాలిసాయ్

కొండ మీద నుంచి, శుక్రవారం

ప్రియమైన డాలిసాయ్‌కి,

ముందు నా కాళ్లు వదులు, అసలే కీళ్లనొప్పులు. మీ పిన్ని మందు మింగితే నీ జ్వరం తగ్గుతుందా? బళ్లో అయితే నీ తెల్లమొహం చూసి టీచరే పసిగట్టేది. తెర మీద నల్లగడిలో పేరు తప్ప ఆవిడకేం కనిపిస్తుంది? అక్కడ తెలియలేదని నోరు విప్పి చెప్పాల్సింది విద్యార్థే. నేను రాను.

నీ లోలా పసింగ్

శాన్ హోసే, మంగళవారం

లోలా, ఈసారి 'ప్రియమైన' లేదు.

రానన్నదానివి నిన్న పొద్దున్నే కళ్లద్దాలు తుడుచుకుంటూ దిగావు. బతికిపోయాననుకున్నాను. మేడమ్ ప్రశ్న అడిగింది. నీ వైపు చూశాను. నువ్వు పైకప్పు వైపు చూశావు. మళ్లీ చూస్తే కళ్లు మూసుకున్నావు! "డాలిసాయ్, వినిపిస్తోందా?" అంది మేడమ్. ఏడుపు తన్నుకొచ్చి, "రెండో పాఠం నుంచీ ఏమీ అర్థం కాలేదు మేడమ్" అనేశాను.

తర్వాత ఎవరిదో మైకు తెరుచుకుంది: "నాకూ మేడమ్." ఇంకొకటి. ఇంకొకటి. "అయితే ఇన్నాళ్లూ గోడకు చెప్పానా?" అంది మేడమ్.

పరీక్ష వాయిదా. రెండో పాఠం నుంచి మళ్లీ మొదలు. స్కాలర్‌షిప్ ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలియదు. నాతోనే చెప్పించాలని నువ్వు నోరు కట్టేసుకున్నావని రాత్రికి గానీ తట్టలేదు. కోపం మాత్రం పోలేదు.

డాలిసాయ్

కొండ మీద నుంచి, గురువారం

ప్రియమైన డాలిసాయ్‌కి,

నన్ను మహాత్మురాలిని చెయ్యకు. నువ్వు పరాయి గిన్నెల ముందు కూర్చున్నట్టు తలుచుకుంటే ముద్ద దిగలేదు. నీతులన్నీ కొండ మీదే వదిలేసి, జవాబులు అందించడానికే వచ్చాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదే పిల్లా! మా రోజుల్లో ఆ పాఠమే లేదు. ఏమని గొణగను?

శనివారం దిగుతున్నాను. నీ పక్కనే నాకో కుర్చీ వెయ్యి. ఒక ముసలిదాన్ని కూడా తరగతిలో కూర్చోనిస్తారేమో మీ మేడమ్‌ని అడుగు. అడగడం ఇప్పుడు నీకొచ్చుగా.

నీతోపాటే రెండో పాఠంలో ఉన్న,
లోలా పసింగ్