పక్క షెడ్డు నంది

మంగళవారం, ఆళ్లగడ్డ

పక్క షెడ్డు శిల్పి ఓబులేసు నంద్యాలలో ఇరవై వేలు పెట్టి ఇయర్‌బడ్స్ కొన్నాడు. "మిషన్ మోత రవ్వంత కూడా ఇనపడదన్నా. నువ్వూ తెచ్చుకో, దుడ్లు దాచి ఏం చేస్తాండావ్?" అన్నాడు. వారం రోజులుగా కడుపు మండుతోంది. దండగ ఖర్చని అందరితో అంటూనే, ఫోన్‌లో రోజూ వాటినే చూస్తున్నాను.

ఈరోజు అవి చెవుల్లో ఉండగానే, చెక్కుతున్న నంది మెడ మీద ఉలి వేశాడు. గంటలా మోగాల్సిన రాయి పగిలిన కుండలా పలికింది. లోపల చీలిక ఉందని నా షెడ్డులోంచే నాకు తెలిసిపోయింది. వాడికి వినపడలేదు. లేచి వెళ్లి భుజం తట్టలేదు నేను.

సాయంత్రానికి నంది తల విరిగి పడింది. "రాయే మోసం చేసిందన్నా" అని నా దగ్గరకే వచ్చి కూర్చున్నాడు.

ఆ పగిలిన కుండ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ ఇయర్‌బడ్స్ దాన్ని ఆపుతాయంటే ఎంతైనా పెట్టి కొంటాను.