మా బీరప్ప గట్టుకు పోలేదు

ఆదోని, 1981 నవంబరు

ఇన్సూరెన్సు ఆఫీసరు సారుకు, కారు గుద్ది చచ్చిపోయిన బీరప్ప తల్లి దండం పెట్టి రాసేది.

నా కొడుకు తల పగిలింది కారు గుద్ది కాదు, దసరాకు దేవరగట్టులో దేవుడి కోసం చేసే కట్టెల కొట్లాటలో అని మీ ఆఫీసోళ్లు రాసినారంట. సారూ, గట్టులో తల పగిలినోళ్లు పసుపు అద్దుకొని నవ్వుకుంటా ఇంటికొస్తారు. దేవుడి మీద ఎవరూ క్లెయిము వేయరు.

"తల పగులుతాదిరా, పోవద్దు" అని నేనే ఆపితిని. "నీ మాట ఎప్పుడు ఇన్నానే అమ్మా, ఈ ఒక్కసారి ఇంటాలే పో" అని నవ్వి, ఎమ్మిగనూరు నుంచి మా అక్కను పిల్చుకొచ్చేదానికి సైకిలెక్కినాడు. దారిలో కారు గుద్దింది.

దుడ్డు ఇస్తే ఇయ్యండి, లేకుంటే మీరే పెట్టుకోండి. గట్టుకు పోయినాడని రాసింది మాత్రం కొట్టేయండి. పుట్టినాక వాడు నా మాట విన్నది ఆ ఒక్కసారే.