నోలీన్‌కి నా వంతు

రాస్తున్నది నేను, లిండ్సే ట్రాంటర్, గొర్రెల ఉన్ని కత్తిరించి బతికినవాణ్ణి. మకాం టాస్మేనియాలో మా ఊరి పశుప్రదర్శన మైదానం, మరుగుదొడ్ల పక్కనున్న కారవాన్, అంటే చక్రాల మీది గది. ఊపిరి అందకపోయినా బుర్ర సరిగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. ఇదివరకు వీలునామా రాయలేదు, ఇవ్వడానికేమీ లేక.

1. కారవాన్, కెటిల్, ఉన్ని దుప్పటి నోలీన్ పైక్‌కి. పక్క గుడారం ఆమెదే. కారవాన్ తలుపు పైకెత్తి లాగితేనే పడుతుంది. వచ్చే వారం ప్రదర్శనకని, ఇళ్లు లేక ఈ మైదానంలో ఉంటున్న మమ్మల్నందర్నీ ఖాళీ చేయిస్తారు, ఏటా ఉన్నదే. నా నేస్తం విన్స్ అప్పుడు కారవాన్‌ని ఏటి గట్టుకి లాగాలి.

2. ఉన్ని కత్తిరించే మిషను విన్స్ అబేలాకి. ఈ వీలునామా నడిపించేది అతనే. అరువివ్వకు విన్స్, తిరిగిరాదు.

3. మడత కుర్చీ మా ఎమ్మెల్యేకి. ఎన్నికలప్పుడు అందులో కూర్చుని ఫొటో దిగాడు. "పెద్దాయనా, చలికాలానికి డాక్టరొస్తాడు, వెనకే ఇళ్లూ వస్తాయి" అన్నాడు. నా టీ తాగాడు. చలికాలం వచ్చింది, పోయింది.

4. ప్రభుత్వ ఇళ్ల జాబితాలో నా వంతు నోలీన్‌కి. ఏళ్లు కాస్తే పైకొచ్చింది. నోలీన్ పేరు అడుగునెక్కడో ఉంది. జంటగా రాయించుకుంటే పింఛను కోస్తారని విడివిడిగా రాయించుకున్నాం. ఇప్పుడేమో ఇళ్ల ఆఫీసు అమ్మాయి ఫోనులో అంటుంది, "మీరు పోతే మీ పేరు తీసేస్తామండీ. భార్య ఉంటే ఆమెకొస్తుంది."

అందుకే పెళ్లి నోటీసిచ్చాం. నోలీన్ అంది, "మంచం దిగలేని పెళ్లికొడుకు. పారిపోతాడన్న బెంగ లేదు." నోటీసిచ్చాక నెల ఆగాలి. చావు దగ్గరున్నవాళ్లకి ముందే చేస్తారట, డాక్టరు కాగితముంటే. ఊళ్లో డాక్టరు లేడు. ఫోనులో దొరికిన డాక్టరు మనిషిని చూడకుండా రాయనన్నాడు. పెళ్లికి కావలసిన కాగితం కోసమైతే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి అంబులెన్సు రాదట. నెల నిండేదాకా ఉంటానని నాకు నమ్మకం లేదు.

5. పూలొద్దు. ఎమ్మెల్యే మాట్లాడొద్దు.

6. గడువులోపు నేను పోతే, నోలీన్ నా భార్య అని ఇందులో రాస్తున్నాను. ఆఫీసు చెల్లదంటే, విన్స్, ఈ కాగితం, ఆ కుర్చీ పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికెళ్లు. కుర్చీలో కూర్చోబెట్టు. ఈ ముసలామెని ఎక్కడ పడుకోమంటావని అడుగు. జవాబు చెప్పేదాకా లేవనివ్వకు.

అక్టోబరు పన్నెండు, ఆదివారం.

(సంతకం) లిండ్సే ట్రాంటర్

సాక్షులు, మైదానంలోవాళ్లే:
రేలీన్ డొహర్టీ
బ్రూనో మారిక్

వీలునామాలో వాటా ఉంది కాబట్టి నోలీన్ సాక్షి కాకూడదట. బయట వానలో నిలబడింది. త్వరగా సంతకాలు పెట్టండి.