కొండ మీద నాలుగో మనిషి

పైన్ కోవ్, న్యూయార్క్ రాష్ట్రం
21 ఆగస్టు 1983, ఆదివారం

భీమశంకర్ భాయ్,

నిర్మల్‌లో నువ్వూ నీ వాళ్లూ చల్లగా ఉన్నారనుకుంటాను. నేను మాత్రం మండిపోతున్నాను. ఈ కాగితం లాడ్జివాళ్లది. పైన సరస్సు బొమ్మ చూసి నేనేదో విలాసంగా ఉన్నాననుకోకు. సెప్టెంబరు ఆఖరు దాకా బిడ్డ దగ్గర ఉండవలసినవాణ్ణి, వచ్చే వారమే వచ్చేయాలని నిశ్చయించుకున్నాను. విజయశ్రీకి ఇంకా చెప్పలేదు. కారణం ఎన్నటికీ చెప్పను. నీకైనా చెప్పకపోతే నా పొట్ట పగిలిపోతుంది.

ముందు ఊరి సంగతి. అల్లుడు కృష్ణమోహన్ ఉద్యోగం చేసే స్కెనెక్టడీ నుంచి ఇక్కడికి కారులో రెండున్నర గంటలు. సరస్సు ఒడ్డున నూరు ఇళ్లు, ఒక చర్చి, ఒక ఇనుప సామాన్ల దుకాణం, చుట్టూ కొండలు. ఇక్కడికి జనం మొక్కు తీర్చుకోవడానికి రారు, చుట్టాలను చూడడానికీ రారు. నడవడానికి వస్తారు. వాకిట్లో నుంచి దుకాణానికి కూడా కారులో పోయే మనుషులు, నడవడం కోసం రెండు వందల మైళ్లు కారులో వస్తారు. నువ్వూ నేనూ సర్వే గొలుసు పట్టుకుని ఆదిలాబాదు గుట్టలెక్కింది కడుపు కోసం. వీళ్లు సెలవు పెట్టి మరీ ఎక్కుతారు. దానికి వేరే బూట్లు, వేరే సంచీ, పల్లీలూ ఎండుద్రాక్షా కలిపిన వేరే పొట్లం. నాకు నవ్వొచ్చింది కానీ, నిజం చెప్పనా, ఆ కొండ చూడగానే నా పిక్కలు ఎక్కుదామని తహతహలాడాయి. డెబ్భై ఒకటేళ్ల పిక్కలు.

నిన్న పొద్దున విజయశ్రీకి కాలు బెణికింది. ఇక మిగిలింది నేను, కృష్ణమోహన్, పద్నాలుగేళ్ల మనవరాలు రేణు.

"ముగ్గురు పోవద్దు నాన్నా," అంది విజయశ్రీ. "ముగ్గురు బయల్దేరితే ఏదో ఒకటైతది. రేపు నా కాలు తగ్గినాక నలుగురం పోదాం."

కృష్ణమోహన్ గుంటూరు మనిషి, పైగా ఇంజనీరు. వెంటనే రేణు వైపు తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "చూశావా, దీన్నే సూపర్‌స్టిషన్ అంటారు. ఎవిడెన్స్ లేకుండా నమ్మడం. మీ అమ్మ ఎమ్మెస్సీ చదివింది. అయినా..."

"డాడీ, ప్లీజ్. కారెక్కాక చెప్పు," అంది రేణు.

కొండ మొదట్లో ఒక గుంజకు చెక్కపెట్టె ఉంటుంది. లోపల పుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు. ఎక్కేవాళ్లు పేరు, ఎందరు, ఎక్కడికి, ఎన్ని గంటలకు అని రాయాలి. దిగాక మళ్లీ రాయాలి. సాయంత్రం రేంజరు, అంటే ఈ అడవి కాపలా ఆఫీసరు, పోయినవాళ్లందరూ వచ్చారా అని సరిచూస్తాడు. మన జంగ్లాత్ వాళ్లకు ఈ బుద్ధి ఉంటే ఎంతమంది బతికి ఉండేవాళ్లో. ఆ పుస్తకంలో రాసింది కృష్ణమోహన్. నేను రెండు గజాల అవతల బూటు తాడు కట్టుకుంటున్నాను. పెన్సిలు ముట్టలేదు. ఇది గుర్తుంచుకో.

ఎక్కాం. చెట్లకు కొట్టిన నీలం బిళ్లల వెంబడి, వేళ్ల మీద, బురదలో, ఏనుగులంత బండల మీద. అలవాటు చొప్పున అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాను. వెనక నుంచి రేణు, "తాతా, ఇప్పుడు ఎంత?" అని అరిచేది. "రెండువేల నూటపన్నెండు" అనేవాణ్ణి. దాని వెనక ఎక్కడో కృష్ణమోహన్ రొప్పుతూ, "మామయ్యగారూ, కాస్త ఆగండి, వ్యూ చూద్దాం," అనేవాడు. ఆకులు తప్ప వ్యూ ఏమీ లేదు. శిఖరం మీద పొదల్లో నల్లటి చిన్న పళ్లుంటే కోసుకు తిన్నాం. రేణు నాలుక ఊదారంగు చేసుకుని అంది కదా: "తాతా, నెక్స్ట్ జూన్‌లో త్రీ డేస్ ట్రిప్ ఉంది. మీరే నా పార్ట్‌నర్. డాడీ స్లో." భాయ్, సర్వే శాఖ నాకు రిటైరయ్యే రోజు ఇచ్చిన శాలువా కన్నా ఈ మాట బరువుగా ఉంది.

రెండింటికి దిగాం. అల్లుడు కారు తేవడానికి పోతే, పుస్తకంలో రేణు రాసింది: వచ్చినవారు ముగ్గురు. పైన ఏముందో చూడకుండా, ఎందరమో అంతే రాసింది.

నాలుగున్నరకు ఊళ్లో సైరను మోగింది. ఎవరో కొండ మీద తప్పిపోయారట. ఇనుప దుకాణం ఆయన, మా లాడ్జి వంటామె, చర్చి ఫాదరు, అందరూ తాళ్లూ లాంతర్లూ పట్టుకుని బయల్దేరారు. జీతం లేదు, హుకుం లేదు. నాకు మనసు ఉప్పొంగింది. కృష్ణమోహన్ పైన గదిలో గుర్రుపెడుతున్నాడు. "నేను పొద్దున్నే ఎక్కి దిగాను, దారి తెలుసు," అని రేణును తీసుకుని నేనూ పోయాను. రెండు గంటలు తుంపరలో వెతికాం. పేరు తెలియదు కనుక హలో, హలో అని. ప్రతి బండ వెనకా చూశాను. ఒకచోట లోయలోకి వంగి వంగి, రేణు నా చొక్కా పట్టుకుంటే, అరిచాను.

మేము వెతికింది మా నాలుగో మనిషి కోసమట.

ఆరున్నరకు అందరం ఫైర్ స్టేషన్ షెడ్డులోకి చేరాం, తడిసిన కోళ్లలాగా. రేంజరు పుస్తకం తెచ్చి చదివాడు. కె. మోహన్ పార్టీ, పోయినవారు నలుగురు, వచ్చినవారు ముగ్గురు. "అది మేమే," అంది రేణు. లాడ్జికి మనిషిని పంపి కృష్ణమోహన్‌ను రప్పించారు. ఆయన ఆ పేజీ చూశాడు. రేణును చూశాడు. నన్ను చూశాడు. ఇంగ్లీషులో అన్నాడు: "మా మామగారు రాసి ఉంటారు. పెద్దవారు. ఈ మధ్య లెక్కలు తడబడుతున్నారు."

మూడో తరగతితో బడి మానేసి, రైల్వే టైంటేబుల్లో ఇంగ్లీషూ, సర్వే మాన్యువల్లో త్రికోణమితీ నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ రెండు వాక్యాల్లో నాకు అర్థం కాని మాట ఒక్కటి లేదు. అది ఆయనకూ తెలుసు.

పద్దెనిమిది మంది తడిసిన మనుషులు. ఒక్కరూ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జాలిపడ్డారు. వంటామె నా భుజాల మీద దుప్పటి కప్పి, చేతిలో వేడి కోకో పెట్టి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా, మెల్లగా, "మీకిక ఏ భయమూ లేదు," అంది. తప్పిపోయిన ముసలాయన దొరికినట్టే ఉంది వాళ్ల ధోరణి. పదిమందిలో అల్లుడి పరువు తీయకూడదని నోరు మూసుకున్నాను. నా పెంపకం అలాంటిది.

ఈ పొద్దున లాడ్జి మెట్లు దిగుతుంటే రేణు వచ్చి నా మోచేయి పట్టుకుంది. మూడు మెట్లు, భాయ్. "కేర్‌ఫుల్ తాతా," అంది. జూన్ మాట ఎత్తలేదు. కృష్ణమోహన్ నన్ను పిచ్చివాడన్నా ఇంత కాలేది కాదు. ఆ పిల్ల చెయ్యి నా మోచేతి మీద ఇంకా ఉన్నట్టే ఉంది.

వచ్చేస్తాను. విమానం సంగతి తెలియగానే రాస్తాను.

కోపంతో,
కొండల్ రావు

స్కెనెక్టడీ
27 ఆగస్టు, శనివారం

భాయ్,

మొదటి ఉత్తరం నీకింకా అంది ఉండదు. రెండూ ఒకే రోజు అందితే, దయచేసి అది ముందు చదువు.

బుధవారం రేణు లెక్కల నోటుబుక్కులో వాళ్ల నాన్న ఏదో దిద్దాడట. ఆయన నాలుగంకె విరిగిన కుర్చీలా ఉంటుంది, షెడ్డులో రేంజరు చూపిన పేజీలో ఉన్నదీ అదే. రేణు దాన్ని చూసింది, చూసింది, పుస్తకం మూసి వాళ్ల నాన్న ముందు నిలబడింది. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. గంట తర్వాత కృష్ణమోహన్ నా గదిలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మామయ్యగారూ, పెన్సిల్ పట్టుకోగానే మా అమ్మ గుర్తొచ్చిందండీ. ముగ్గుర్ని పంపాల్సొస్తే ఒకరి జేబులో రాయి వేసి నలుగురనుకుని పంపేది. నేను రాయి తీస్తే మీరు చూస్తారు, రేణు నవ్వుతుంది. నాలుగు అని రాస్తే ఎవరికీ కనపడదనుకున్నాను."

"కనపడడానికే కదయ్యా ఆ పుస్తకం పెట్టింది," అన్నాను.

"అంతమంది ముందు, రేణు ముందు, నోరు రాలేదు."

"నా పేరు చెప్పడానికి బాగానే వచ్చింది."

తల దించుకున్నాడు. తర్వాత వంటింటి గోడకున్న ఫోను తీసి, విజయశ్రీ, రేణు, నేను వింటుండగా, రేంజరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. తడిసింది తనొక్కడే కాదనీ, వచ్చి ఆ పద్దెనిమిది మందికీ ఎదురుగా చెప్పమనీ అన్నాడట రేంజరు. ఈ పొద్దున పోయాడు. నేను వెంట పోలేదు. నాకు కోపం తగ్గలేదు.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం అక్కర్లేదు. నిన్న రేణు నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అదీ కోపమే.

"తాతా, డాడీ అబద్ధం చెప్పాడు. ఓకే. మీరెందుకు నో అనలేదు?"

"మీ నాన్న పరువు పోతుందని."

"నో. అది రీజన్ కాదు. మీరు ఎవరికైనా ఆర్గ్యూ చేస్తారు. పోస్టాఫీస్‌లో కూడా చేశారు."

పద్నాలుగేళ్ల పిల్లను తప్పించుకుని బాత్‌రూములోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను. జవాబు నాకు తెలుసు. నీకు తెలియదు.

1943, సిర్పూరు అడవి. నువ్వు ముందు గొలుసు లాగేవాడివి, నేను వెనక పట్టుకునేవాణ్ణి. గొలుసుకొక ఇనుప పుల్ల నువ్వు పాతడం, నేను పీకి పోగుచేయడం. ఎన్ని పుల్లలో అన్ని గొలుసులు. ఆ మధ్యాహ్నం వాగు దాటేటప్పుడు నా చేతిలో ఒక పుల్ల నీళ్లలో పడిపోయింది. ఎవరూ చూడలేదు. వెనక్కి పోవడానికి ఒళ్లు బరువై ఊరుకున్నాను. లెక్క ఒక గొలుసు తక్కువొచ్చింది, పటం వంకరపోయింది, నెల రోజుల పని మళ్లీ చేయవలసి వచ్చింది. సాహెబు అందరినీ వరసలో నిలబెట్టి, పుల్ల పాతడం మరిచింది ఎవడని అడిగాడు. పాతేవాడివి నువ్వు కనుక అందరూ నిన్నే చూశారు. నేనూ నిన్నే చూశాను. నువ్వు, "నేను పాతలేదేమో సాబ్, యాదికి లేదు," అన్నావు. పాతావు, భాయ్. ప్రతి ఒక్కటీ పాతావు.

నిన్ను దఫ్తరు మూలకు పంపారు. నన్ను సర్వేయరును చేశారు. నువ్వు నలభై ఏళ్లు నీ జ్ఞాపకశక్తిని తిట్టుకుంటూ ఉంటే, నీ వాకిట్లో కూర్చుని నీ చాయ్ తాగుతూ విన్నాను. మొన్న షెడ్డులో కృష్ణమోహన్ నా వైపు వేలు చూపినప్పుడు నోరు పెగలకపోవడానికి కారణం అది. ఆ నింద చాలా ఆలస్యంగా, సరైన మనిషి దగ్గరికే వచ్చిందనిపించింది. అల్లుణ్ణి తిడుతూ నీకు మూడు పేజీలు రాశాను చూడు, ఈ ముసలివాడి సిగ్గులేనితనం ఎంతో నువ్వే కొలుచుకో. అల్లుడికి నాలుగు రోజులు పట్టింది. నాకు నలభై ఏళ్లు.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర రేణుకు చెప్పాను, వాళ్ల నాన్న వింటుండగానే. "ఆయనకు చెప్పారా?" అంది. లేదన్నాను. "అయితే నాకెందుకు చెప్తున్నారు?" అని పళ్లెం తీసుకుని లేచిపోయింది.

తొందరపడి రాను. అనుకున్నట్టే సెప్టెంబరు ఆఖరుకు వస్తాను. అప్పటికి నువ్వు నా కోసం తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం. తీయకపోతే గడప బయట కూర్చుంటాను, ఆ అర్హత కూడా లేదంటే పోతాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈ కాగితం నువ్వు చదివి, నా పరువు కాపాడాలని పెట్టెలో దాచుకుంటావు. నీ స్వభావం నాకు తెలుసు. దాచకు. నాన్న మతిమరుపు వల్లే సర్వే పని పోయిందని పుట్టినప్పటి నుంచీ వింటున్న నీ బిడ్డ గౌరి చేతికి ఇచ్చి, నీ ఎదురుగా కూర్చుని, పైకి చదవమను.

కొండల్ రావు